అబ్బా తెచ్చిన ఔటోపెట్

మా అబ్బాకి ఒక లఫ్జ్ సరిగా పలకడం రాదని మా ఇంట్లో అందరం ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. తప్పు మా చెవులదని తెలిసేసరికి ఆయన ఇంతెకాల్ అయ్యి ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆ లఫ్జ్ వెనక ఒక బండి ఉంది. ఆ బండి వల్ల నాకూ మా ఛోటేకీ మధ్య ఒక దరార్ పడింది. అదంతా బయటపెట్టడం ఇంటి ఇజ్జత్‌కి మంచిది కాదేమో అనుకుంటూనే రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి సామాను గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

1984లో అబ్బా సౌదీ నౌకరీ వదిలేసి పూర్తిగా వాపస్ వచ్చేశాడు. బొంబాయిలో విమానం దిగి, వెనకాల ఓడలో వచ్చే పెట్టెను విడిపించుకునే దాకా మా ఊరి వాళ్ల గదిలో పది రోజులుండి, మద్రాసు రైలెక్కి కడప స్టేషన్లో దిగాడు. ఆ చెక్కపెట్టెలో రెండు కంబళ్లు, ఒక టేప్‌రికార్డర్, టాంగ్ డబ్బాలు, అమ్మీకి చీరలు. అన్నిటికన్నా అడుగున, గోనె చుట్టి, రెండు చక్రాల బండి ఒకటి. సీటు లేదు. పెడల్ లేదు. చైను లేదు, ఇంజన్ లేదు. చక్రాల మధ్య నిలబడడానికి ఒక పలక, ముందు నడుము ఎత్తు హ్యాండిల్. ఒక కాలు పలక మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవాలి. చిన్నపిల్లలాటకి ఇప్పుడు బజార్లో దొరికే స్కూటర్లకి దాదాజాన్ లాంటిది అది. దాన్ని కిక్ స్కూటర్ అంటారని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. మన దగ్గర కిక్ స్కూటర్ అంటే పొద్దున్నే పది సార్లు కిక్ కొట్టినా లేవని స్కూటరే కదా!

"ఏందబ్బా ఇది?" అని అడిగితే ఆయన ఒకటే మాట అన్నాడు. "ఔటోపెట్."

మొహల్లా అంతా దాన్ని "ఆటోపెట్టె" అని విన్నది. పెట్టెలో వచ్చింది కాబట్టి పెట్టె, బండి కాబట్టి ఆటో. అబ్బా ప్రతిసారీ "పెట్టె కాదురా, పెట్, పెట్" అని సరిచేసేవాడు. మేము ఇంకా నవ్వేవాళ్లం. చదువు లేని మనిషి, ఎక్కడో విన్న అంగ్రేజీ మాటని ఖరాబ్ చేశాడని నేను కాలేజీకి వెళ్లాక ఒకసారి దోస్తుల ముందే అన్నాను. ఆయన ఖామోష్‌గా లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ సాయంత్రం గుర్తొస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆయన చెప్పే ఖిస్సా ఏమంటే, జుబైల్‌లో సముద్రం అడుగున ఇసుక తవ్వి తీరం మీద పోసే హాలండు కంపెనీ స్టోర్లో పని చేసేవాడట. జుబైల్ అప్పటిదాకా చేపలు పట్టుకునే చిన్న ఊరు. 1975లో సౌదీ హుకూమత్ అక్కడా యాన్బూలోనూ కొత్త పారిశ్రామిక నగరాలు కట్టడానికి రాయల్ కమిషన్ పెట్టాక, ప్రపంచంలోని కంపెనీలన్నీ అక్కడ వాలిపోయాయి. స్టోర్ షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే కాళ్లు పడిపోయేవట. అందుకని హాలండు ఫోర్‌మన్ సాబు తన దేశం నుంచి రెండు ఔటోపెట్‌లు తెప్పించి, ఒకటి తనకి, ఒకటి అబ్బాకి ఇచ్చాడట. కాంట్రాక్ట్ అయిపోయినప్పుడు "ఇది నీదే, తీసుకుపో" అన్నాడట.

ఛోటే ఈ ఖిస్సా ఎన్నడూ నమ్మలేదు. "తెల్లదొర మన అబ్బాకి బండి బహుమానం ఇస్తాడా? ఏ తుక్కులోనో దొరికి ఉంటుంది" అనేవాడు. నమ్మానని నేనూ అనలేను. 2003లో అబ్బా పోయాడు. 2006లో పాత ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు ఛోటే పాత ఇనుముతో పాటు ఆ బండిని కూడా గుజిరీ అంగడికి కిలోల లెక్కన వేసేశాడు. నేను హైదరాబాద్‌లో నౌకరీలో ఉన్నాను. ఫోన్లో చెప్పినప్పుడు "సరే" అన్నాను. ఈ "సరే" నేను మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు.

రిటైర్ అయ్యాక సందూక్‌లో ఒక ఫోటో దొరికింది. 1985 ఈద్ నాడు, మా ఇంటి ఆంగన్‌లో అబ్బా కొత్త షేర్వానీ వేసుకుని ఆ బండి మీద నిలబడి ఉన్నాడు. వెనక అబ్బా చేతిరాతతో తారీఖు. ఆ బండి ఏ కంపెనీదో, ఏ జమానాదో కనుక్కోవాలని నాకు శౌక్ పుట్టింది. నిజం చెప్పాలంటే శౌక్ కన్నా ఎక్కువ, జిద్.

హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్లో పాత సామాన్లు అమ్మే ఒకాయనకి ఫోటో చూపించాను. ఆయన ఫోన్‌లో ఒక బొమ్మ తీసి చూపించి, "ఇది ఆటోపెడ్ సాబ్, వంద సాల్ పురానా, అమెరికాది. దొరికితే లక్షలు" అన్నాడు. ఆటోపెడ్! అబ్బా మాట అదే కదా! నా దిల్ ఒక్కసారి ఎగిరిపడింది. ఆ రాత్రే ఛోటేకి ఫోన్ చేశాను. లక్షల సామాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నావు, అబ్బా నిశానీని తుక్కు చేశావు అని నోటికొచ్చినట్టు అన్నాను. వాడు ఒక్క ముక్క అన్నాడు. "అబ్బా మంచంలో ఉన్న తొమ్మిది నెలలు నీ లక్షలు ఎక్కడున్నాయి భాయ్?" ఫోన్ పెట్టేశాడు. తర్వాత రెండు నెలలు మాటల్లేవు.

కోపం దిగాక కూర్చుని తహ్ఖీక్ మొదలుపెట్టాను. అసలు పని ముందు చేయాల్సింది, నేను ఫైసలా ముందు చేసేశాను.

ఆటోపెడ్ అనేది నిజంగానే ఉంది. న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో 1915 నుంచి 1921 దాకా తయారైంది. జర్మనీలో క్రుప్ కంపెనీ కూడా లైసెన్స్ తీసుకుని కొన్నాళ్లు చేసింది. 1916లో లండన్‌లో లేడీ ఫ్లోరెన్స్ నార్మన్ అనే ఆమె, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడినావిడ, పొడుగు కోటు, టోపీతో దాని మీద నిలబడి పనికి పోతున్న ఫోటో చాలా మషూర్. అయితే అది ఇంజన్ బండి. 155 సీసీ ఇంజన్ ముందు చక్రం మీదే కూర్చుని ఉంటుంది. హ్యాండిల్ కడ్డీని ముందుకు నెడితే క్లచ్ పట్టుకుంటుంది, వెనక్కి లాగితే క్లచ్ వదిలి బ్రేకు పడుతుంది. చక్రాలు పది అంగుళాలవి. మా ఫోటోలో ముందు చక్రం దగ్గర ఇంజన్ కాదు కదా, ఇంజన్ బిగించిన గుర్తు కూడా లేదు. వెనక చక్రం మీద కాలితో తొక్కే బ్రేకు రేకు ఉంది. చక్రం కూడా చాలా పెద్దది.

ఎంత పెద్దది? ఇక్కడ మా కడప బండలు పనికొచ్చాయి. పాత ఆంగన్‌లో పరిచినవి రెండడుగుల చదరం బండలు. ఇప్పటికీ నాలుగు పెరట్లో ఉన్నాయి. పక్కింటి కుర్రాడితో కొలిపించి ఫోన్లో తెలుసుకున్నాను, ఛోటేని అడగలేను కదా. ఫోటోలో బండి నిలబడిన వరసలో బండ ఎంత ఉందో, చక్రం ఎంత ఉందో స్కేలు పెట్టి చూశాను. చక్రం బండలో మూడింట రెండు వంతులు. అంటే పదహారు అంగుళాలు. ఒక్క కొలత మీద యఖీన్ పెట్టుకోకూడదని అబ్బా బూటుతో కూడా సరిచూశాను. ఆయనది ఎనిమిదో నంబర్ బాటా. లెక్క దగ్గర దగ్గరగా కుదిరింది. ఆ అంగుళాలు కూడా పూర్తి సచ్ చెప్పవు. పదహారు అంగుళాల టైరు అని రాసి ఉన్నవాటిలోనే ఒకదాని రిమ్ము 305 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 349 ఉంటుంది. ఒకటి ఇంకోదానికి ఎక్కదు. అందుకే టైరు పక్కన చిన్నగా అచ్చేసి ఉండే మిల్లీమీటర్ల నంబరే అసలీ గవాహీ. ఫోటోలో అది కనబడదు.

మరికొందరు దోస్తులు ఇది జపాన్ హోండా వాళ్ల కిక్ ఎన్ గో అన్నారు. 1970లలో వచ్చింది నిజమే. దానికి వెనక ఒక పెడల్ ఉంటుంది, దాన్ని కిందికి తొక్కితే చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. మాదానికి చైనే లేదు. ఒక ఇంజనీరు గారు ఫిన్లాండ్ కిక్‌బైక్ అని పందెం కాశారు. అది 1994లో పుట్టింది, ముందు చక్రం సైకిల్ చక్రమంత, వెనకది చిన్నది. మా ఫోటో 1985ది, చక్రాలు రెండూ సమానం. పుట్టని బండి మీద అబ్బా ఎలా నిలబడతాడు? ఇప్పుడు పిల్లలంతా తొక్కే మడతపెట్టే అల్యూమినియం స్కూటర్ ఇంకా తర్వాతది. జ్యూరిక్‌లో విమ్ ఔబోటర్ అనే ఆయనకి సాసేజ్ తినాలనిపించి, అంగడి నడవడానికి దూరం, సైకిల్ బయటికి తీయడానికి దగ్గర అనిపించి తయారు చేసుకున్నాడట. ఆ సాసేజ్ మనకి పనికిరాదు గానీ ఆలోచన మాత్రం భేషైనది.

పాత సామాను గుర్తుపట్టడంలో నాకు పట్టుబడిన సంగతి ఇదే. ఇది ఫలానాది అని మొదట అనేసి సబూత్‌లు వెతుక్కుంటే అన్నీ దొరుకుతాయి. జుమేరాత్ బజార్ ఆయన చేసింది అదే, ఆయన మాట పట్టుకుని నేను చేసిందీ అదే. ఏది కాదో ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవాలి. బండి మీద విడదీయరాని భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో చూడాలి, బండి వయసు దానికన్నా ఎక్కువ ఉండదు. మళ్లీ వెళ్తే ఆ అంగడాయన "1915ది, ఇంజన్ పోయింది" అంటూ నాకు ఒక బండి అమ్మబోయాడు. దాని పలకకి స్టారు తల స్క్రూలు, ఫిలిప్స్ స్క్రూలు, బిగించి ఉన్నాయి. అవి బజార్లోకి వచ్చిందే 1930లలో. చక్రాలు పాలీయూరిథేన్‌వి, స్కేట్‌బోర్డులతో పాటు 1970లలో జోరందుకున్న సరుకు. నేను ఆ మాట అంటే ఆయన నవ్వి, చాయ్ తెప్పించాడు. మంచి చాయ్.

ఆటోపెడ్ కాదని తేలింది సరే, మరి అబ్బా నోట ఆ లఫ్జ్ ఎక్కడిది? అమెరికాలో ఎప్పుడో ఆగిపోయిన బండి పేరు, కడపలో ఐదో క్లాసు చదివిన మనిషికి ఎలా తెలిసింది?

జవాబు మా అమ్మాయి పంపింది. తను హాలండులో డెల్ఫ్ట్‌లో ఎంఎస్ చదువుతోంది. నేను ఫోటో పంపి, ఇలాంటివి అక్కడ ఉన్నాయా బేటా అని అడిగాను. తను కిరాయికి ఉండే ఇంటి ముసలావిడకి చూపించిందట. ఆవిడ ముఖం వెలిగిపోయిందట. తను చిన్నప్పుడు స్కూలుకి ఇలాంటిదాని మీదే వెళ్లేదట. అమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది. "అబ్బా, విను, ఆవిడ దీన్ని ఏమంటోందో." వెనక ఒక వృద్ధురాలి గొంతు, నిదానంగా, స్పష్టంగా:

"ఔటోపెట్."

నేను ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమెరికా ఆటోపెడ్ పేరు డచ్చి జబాన్‌లోకి వెళ్లి, ఇంజన్ ఉన్నా లేకపోయినా నిలబడి పోయే ప్రతి బండికీ పేరైపోయింది. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. ఇప్పటి కుర్రాళ్లు స్టెప్ అంటారట, పెద్దవాళ్ల నోట పాత మాటే. ఇంకోటి, డచ్చివాళ్లు మాట చివర డ వస్తే దాన్ని ట లాగా పలుకుతారు. రాసేది ఆటోపెడ్, వినబడేది ఔటోపెట్. ఆ చివరి టకారం అంగ్రేజీ నుంచి రాదు, పుస్తకం నుంచీ రాదు. ఒక డచ్చి మనిషి నోటి నుంచి విని పట్టుకోవాల్సిందే. షెడ్డులో ఫోర్‌మన్ సాబు ఎలా అన్నాడో అబ్బా అలాగే, అక్షరం పొల్లు పోకుండా, ఇరవై ఏళ్లు అన్నాడు. మేము సరిచేశాం.

బండి ఖీమత్ ఈ ఒక్క మాటతో పడిపోయింది. వంద ఏళ్ల ఇంజన్ బండి కాదు, హాలండులో లక్షల మంది తొక్కిన మామూలు బండి. లక్షలూ లేవు, అంటీకూ లేదు. కానీ అబ్బా ఖిస్సా నిలబడింది. అది కొనే సామాను ఏ బజార్లో ఉంది?

మన ఇళ్లలో పెద్దవాళ్లు గల్ఫ్ నుంచి వస్తువులతో పాటు మాటలు కూడా తెచ్చారు. అరబ్బీవి, ఫిలిపినోల దగ్గర విన్నవి, కొరియావాళ్ల దగ్గర విన్నవి. మనం వాటిని చదువు లేనివాళ్ల తప్పులనుకుని పిల్లల ముందు సిగ్గుపడతాం. భూమి కాగితాలకి లామినేషన్ చేయిస్తాం, పెళ్లి నగలకి లాకర్ తీసుకుంటాం. అబ్బా ఏ షెడ్డులో పనిచేశాడు, పక్కన ఎవరుండేవాళ్లు, తన్ఖా ఎంత, ఏ వస్తువుని ఏ పేరుతో పిలిచాడు అని ఒక్క నోట్‌బుక్‌లోనూ రాయం. వాళ్లు పలికింది పలికినట్టే రాసుకోండి. స్పెల్లింగ్ సరిచేస్తే సబూత్ పోతుంది. నా దగ్గర అది మిగిలింది నా తెలివి వల్ల కాదు, ఎగతాళి చేయడానికి గుర్తుపెట్టుకోవడం వల్ల. ఈ మాట రాస్తుంటే నాకే షరమ్‌గా ఉంది.

పెద్దవాళ్లకి ఇలాంటి బండి ఏమిటి, అది బొమ్మ కదా అని కూడా కొందరన్నారు. అమెరికాలో లాంకాస్టర్ కౌంటీ ఆమిష్ వాళ్లు సైకిల్ తొక్కరు, సైకిల్ చక్రాలు బిగించిన ఇలాంటి స్కూటర్ మీదే ఆడా మగా పనికి పోతారు. కాంగోలో గోమా చుట్టుపక్కల చుకుడు అనే చెక్క స్కూటర్ మీద బస్తాలకి బస్తాలు మోస్తారు, ఆ ఊళ్లో దానికి విగ్రహం కూడా ఉంది. పలక నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత మెహనత్ తక్కువ, ఎందుకంటే తన్నేటప్పుడు నిలబడిన కాలి మోకాలు అంత తక్కువ వంగుతుంది. అబ్బా బండి పలక జానెడు ఎత్తు కూడా లేదు. అది పని బండి.

అమ్మాయి పంపిన ఆ వాయిస్‌ని ఛోటేకి పంపాను. కింద రెండు ముక్కలు రాశాను. "అబ్బా సచ్ చెప్పాడు. నేను నిన్ను అన్నవి గలత్. మాఫ్ చెయ్." జవాబు లేదు. మూడో రోజు ఫోన్. "భాయ్, గుజిరీ ఆయన కొడుకుని పట్టుకున్నా. బండి కరిగించలేదంట. నువ్వు రా."

వెతికింది మొత్తం వాడే. గుజిరీ ఆయన పోయాడు. కొడుక్కి "పలక బండి" గుర్తుంది, ఒక పంక్చర్ అంగడికి ఇచ్చామన్నాడు. పంక్చర్ ఆయనకి ఇంకా బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ విదేశీ రిమ్ముకి మన పిల్లల సైకిల్ పదహారు అంగుళాల టైరు దిగ్గున ఎక్కేసిందట. అంటే 305 రిమ్ము, నా లెక్క తప్పలేదు. ట్యూబు వాల్వు కూడా మన సైకిల్ వాల్వు లాంటిదే అన్నాడు. ఆ డన్‌లప్ వాల్వు అమెరికా బండికి ఉండదు, హాలండు సైకిళ్లకి ఇప్పటికీ అదే. టైర్లు వేసి పసుపు గోడౌన్ల దగ్గర ఒక వాచ్‌మన్‌కి అమ్మాడట.

మేమిద్దరం మగ్రిబ్ తర్వాత వెళ్లాం. గోడౌన్ గోడకి ఆనించి ఉంది. నీలం రంగు పోయి తుప్పు, ముందర ఒక టార్చిలైటు తీగతో కట్టి ఉంది. హ్యాండిల్ గొట్టం మీద ఫోటోలో తెల్లగా కోడిగుడ్డు ఆకారంలో కనబడే కంపెనీ బిళ్ల లేదు, రివెట్ల బొక్కలు రెండు మిగిలాయి. ఛోటే బండిని పక్కకి వంచి పలక కింద చెయ్యి పెట్టాడు. నా చిన్నప్పుడు పలక చీలితే అబ్బా డాల్డా డబ్బా రేకు కత్తిరించి మేకులు కొట్టాడు. రేకు అక్కడే ఉంది. వేళ్లతో తడిమి వాడు నా వైపు చూసి తల ఊపాడు.

వాచ్‌మన్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. రాత్రి మూడు సార్లు గోడౌన్ల చుట్టూ రౌండు కొట్టాలి, దీని మీదే కొడతానన్నాడు. "తన్నుడు బండి సాయిబూ, మంచి బండి." ధర ఎంతైనా సరే అని అడగబోయాను. ఛోటే నా చెయ్యి పట్టుకుని నొక్కాడు.

"పెద్దయ్యా, ఇది మా అబ్బా బండి. దీని పేరు ఔటోపెట్" అన్నాడు.

"ఏమి పెట్టె?"

"పెట్టె కాదు. పెట్."

ముసలాయన ఆ మాటని రెండు సార్లు అనుకుని చూశాడు. తర్వాత హ్యాండిల్ ఛోటే చేతికిచ్చాడు. వాడికి యాభై ఆరు, షుగర్, పొట్ట. చెప్పులు విడిచి పలక మీద ఒక కాలు పెట్టాడు.

"నిదానం సాయిబూ" అన్నాడు వాచ్‌మన్. "ఎనక బ్రేకు సరిగ్గా పట్టదు."